వరుస చివర నిలబడ్డ పిల్ల

మొన్న పొద్దున మా ఆసుపత్రిలో ఒక చిన్న గొడవ జరిగింది. కరీంనగర్‌లో నేను పనిచేసే ఈ ప్రైవేటు ఆసుపత్రికి ఏటా ఎవరో ఒకరు హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ చదివే పిల్లలు ప్రాజెక్టు పనికని వస్తుంటారు. ఈసారి వచ్చిన అమ్మాయి మహా చురుకు. మెడలో కార్డు, చేతిలో పెన్ను, కాళ్లకు పరుగు పందేనికి వేసుకునే బూట్లు. పిల్లల వార్డులోకి పోయి, ఆ పెన్నును ఒక్కొక్కరి వైపు చూపిస్తూ పైకే 'వన్, టూ, త్రీ' అని లెక్క మొదలుపెట్టింది. కిటికీ పక్క మంచం మీద మనవడిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలామె, పెన్ను తనవైపు తిరిగేసరికి కొంగు లాగి పిల్లవాడి మొహం మీద కప్పేసింది. "ఏంది బిడ్డా, గొర్లను లెక్కవెట్టినట్టు లెక్కవెడ్తున్నవ్? జరమొచ్చి పడుకున్న పోరనికి నీ కన్ను గూడ తగలాల్నా?" అని లేచింది. వార్డంతా తలలు తిప్పి చూసింది. అమ్మాయి బిత్తరపోయి, తరవాత నవ్వు ఆపుకోలేక, నా గదికి వచ్చి ఈ వింత చెప్పుకుని మళ్లీ నవ్వింది.

నేను నవ్వలేదు. "లెక్కపెట్టు. కానీ వేలు చూపించకు, పెన్ను చూపించకు. మనసులో లెక్కపెట్టుకో. ఒక్కరిని కూడా వదలకు," అన్నాను. "ఎందుకు మేడమ్, మీరు కూడా నమ్ముతారా ఇవన్నీ?" అంది. నమ్ముతానో లేదో నాకే తెలిస్తే కదా చెప్పడానికి. ఇన్సూరెన్సు వాళ్లు వచ్చి బయట కూర్చున్నారు, నా టీ చల్లారిపోయింది. "చెప్పింది చెయ్యి," అని కసిరాను. ఈ మేడమ్‌కు కోపం ముక్కుమీదే ఉంటుందని మా స్టాఫు వెనకాల అనుకుంటారు. ఉంటుంది, కాదనను. కానీ ఆ పూట నాకు వచ్చింది కోపం కాదు. ఆ ముసలామె కొంగు లాగిన తీరు వినగానే, మా చిన్నమ్మా, ఆదిలాబాద్‌లో మేమిద్దరం ఉన్న ఆ గదీ, ఆ ఏటి వానాకాలం మొత్తం నా టేబుల్ ముందుకు వచ్చి నిలబడ్డాయి.

చిన్నమ్మ అంటే మా అమ్మకు అందరికంటే చివరి చెల్లెలు. వరసకు చిన్నమ్మే గానీ నాకంటే ఐదారేళ్లే పెద్ద. ఒకే పళ్లెంలో తిని, ఒకే దువ్వెన కోసం కొట్లాడుకుని పెరిగాం. సిరిసిల్లలో మా అమ్మమ్మ ఇంటి ముందు గదిలో సాంచాలు నడిచేవి. మరమగ్గాలను మావైపు సాంచాలంటారు. అవి నడుస్తుంటే పక్కన కూర్చున్న మనిషి మాట కూడా చెవికెక్కదు. అందుకని ఆ ఇంట్లో పుట్టినవాళ్లెవరికీ మెల్లగా మాట్లాడటం రాదు. ఉప్పు అందుకోమన్నా ఊరేగింపులో నినాదంలా ఉంటుంది. వాళ్లందరిలోకీ పెద్ద గొంతు చిన్నమ్మది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పేరడిగితే ఆమె చెప్పిన తీరుకు పెళ్లికొడుకు తల్లి చేతిలో టీ ఒలికిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పెళ్లికొడుకే మా బాబాయి అయ్యాడు. ఆయనదీ సాంచాల ఇల్లే కాబట్టి ఆయనకు ఆ గొంతులో తేడా ఏమీ కనిపించలేదు.

ఆ ఇంట్లో అన్నిటికీ లెక్క ఉండేది. పడుగులో ఎన్ని పోగులు, పొద్దుగూకేసరికి ఎన్ని మీటర్ల గుడ్డ దిగింది, అన్నీ నోటిమీద ఉండేవి. లెక్కపెట్టకూడనిది ఒక్కటే, మనుషులను. ముఖ్యంగా పిల్లలను. ఎవరైనా 'నీకెంతమంది పిల్లలవ్వా' అని అడిగితే మా అమ్మమ్మ ఒకరిని తగ్గించి చెప్పేది. ఏ రోజు ఎవరిని తగ్గించిందో మాకు తెలిసేది కాదు. "ఇయ్యాల నన్ను తీసేసినవా ఏందే?" అని మా మామ మొత్తుకునేవాడు. భోజనాల బంతిలో కూర్చోబెట్టినప్పుడు కూడా పళ్లేలను లెక్కపెట్టేది గానీ ముందు కూర్చున్న తలలను లెక్కపెట్టేది కాదు. "నరుని కన్నుకు నల్లరాయి గూడ పల్గుతది. మనుషులను వేలువెట్టి లెక్కవెడ్తె ఆ లెక్క నిలువది బిడ్డా," అనేది. మేం నవ్వేవాళ్లం. చదువుకున్నవాళ్లం కదా మరి, నవ్వకపోతే ఎట్లా?

చిన్నమ్మకు చదువు యావ పెళ్లయ్యాకనే పట్టుకుంది. "గీ దుమ్ముల నేనొక్కణ్ణి దగ్గుతె సాలు, నువ్వు పోయి పంతులమ్మవు కా," అన్నాడట బాబాయి. ఆదిలాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది. నేను అప్పటికి కరీంనగర్‌లో హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ చదువుతున్నాను. ఆ చదువేమిటో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. "డాక్టర్వి కావు, నర్సువి కావు, మరి దవాఖానల నీకేం పనే?" అని మా అమ్మమ్మ పోయేదాకా అడుగుతూనే ఉంది. చివరి ఏడాది ఏదో ఒక ఆసుపత్రిలో ఉండి ప్రాజెక్టు చెయ్యాలి. "గీడికే రా, నా అర్రల పడుండు. ఒక్కదానికి వండుకుంటె అన్నం గూడ సరిగ్గ ఉడ్కుతలేదు," అంది చిన్నమ్మ. ఆదిలాబాద్‌లో ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రి నన్ను రానిచ్చింది. అట్లా ఒకే గదిలో, ఒక చాప మీద, రెండు చదువులు పడ్డాయి. ఇల్లు అద్దెకిచ్చినామెను మౌషీ అని పిలిచేవాళ్లం, మరాఠీలో పిన్ని అన్నట్టు. సగం తెలుగు, సగం మరాఠీ, మిగిలింది చేతుల సైగలు. చిన్నమ్మ గొంతు వినపడినప్పుడల్లా ఇల్లు కూలిందేమోనని బయటికొచ్చి చూసేది.

నా పుస్తకంలో ఉన్నదల్లా మంచాల లెక్క. ఆసుపత్రిలో ఉన్న మంచాల్లో ఎన్ని నిండాయి, నూటికి ఎంత, ఏ నెల ఎక్కువ, ఏ నెల తక్కువ. చిన్నమ్మ పుస్తకంలో చిన్నపిల్లలకు లెక్కలు ఎట్లా చెప్పాలో ఉండేది. పిల్లవాడికి అంకె ముందు చెప్పకూడదు, వస్తువు ముందు చూపించాలి, చేత్తో ముట్టుకోనివ్వాలి, ఆ తరవాత బొమ్మ, అన్నిటికంటే చివర అంకె. "నీయి గూడ లెక్కలే, నాయి గూడ లెక్కలే. నీయి పండుకున్న లెక్కలు, నాయి దుంకే లెక్కలు," అనేది. పాఠం చెప్పడం సాధన చెయ్యాలంటే పిల్లలు కావాలి. ఆ గదిలో ఉన్న పిల్లలందరూ నేనే. ఒకసారి చీమిడి కారే పిల్లను, ఒకసారి పక్కవాడి చింతగింజలు దొంగిలించే వాణ్ణి, ఒకసారి వెనక బెంచీలో కునికేవాణ్ణి. ఒకరోజు ఆసుపత్రి నుంచి అలసిపోయి వచ్చి నిజంగానే నిద్రపోతే, "శభాష్, గిట్ల చెయ్యాలె," అని మెచ్చుకుని పాఠం చివరిదాకా చెప్పుకుంది. అంత సంబరంగా చదివిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

వానాకాలం మొదట్లో ఆమెను బోథ్ దాటాక ఒక చిన్న ఊరి బడికి పాఠాలు చెప్పడానికి పంపారు. వారమంతా అక్కడ ఒకరింట్లో ఉండి, శనివారం సాయంత్రం బస్సులో గదికి వచ్చేది. కాళ్లకు నల్లరేగడి బురద, సంచీలో ఎవరో ఇచ్చిన మక్కకంకులు, నోటినిండా బడి ముచ్చట్లు. కాలేజీలో గణిత బోధన చెప్పే సారు ఒక మాట చెప్పి పంపాడట. 'పిల్లకు అన్నిటికంటే దగ్గరగా ఉండే వస్తువు పక్కనున్న పిల్లే. గింజలు, పుల్లలు తరవాత. ముందు పిల్లలనే వరుసలో నిలబెట్టి, తల ముట్టి లెక్కపెట్టండి. వాళ్లు జన్మలో మరిచిపోరు.' చిన్నమ్మ అట్లాగే చేసింది. "అమ్మమ్మ మాట యాదికి రాలేదా?" అని అడిగాను. "వచ్చింది. గని క్లాసుల నిలవడ్డంక అవ్వ మాట ఇనాల్నా, సారు మాట ఇనాల్నా నువ్వే చెప్పు," అంది.

ఒకటో తరగతి రిజిస్టర్లో ఉన్నది పదహారుమంది. వరుస చివరికి పోయేసరికి ఇంకో తల మిగిలింది. ఆ తరగతిలోనే ఒక పిల్లవాడికి చెల్లెలు. అమ్మానాన్నా పత్తిచేనుకు పోతే ఇంట్లో ఎవరూ ఉండరని అన్న చొక్కా పట్టుకుని వస్తుంది. బడిలో చేరే వయసు రాలేదు. "గా పొల్ల రిజిస్టర్ల లేదమ్మా, అన్నతోని వస్తది, బువ్వ తిని పోతది," అని హెడ్మాస్టరు అంటూనే ఉన్నాడు, చిన్నమ్మ చెయ్యి అప్పటికే ఆ తల మీద ఉంది. ఆ పిల్ల మెడ పైకెత్తి, తనకేం వస్తుందా అని నోరు తెరుచుకుని చూస్తోందట. "పదిహేడు," అంది చిన్నమ్మ. ఇక ఆ రోజు నుంచి ఆ పిల్లకు అదే పేరయింది. తన వేలు తనే నడినెత్తిన పెట్టుకుని 'పదిహేడు' అని అరుచుకుంటూ బడంతా తిరిగేదట. దానికి ఒకటి రాదు, రెండు రాదు, మూడు రాదు. పదిహేడొక్కటే వచ్చు. ఈ ముచ్చట చెప్పి చిన్నమ్మ కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వేది. మౌషీ కూడా ఏమీ అర్థం కాకపోయినా గడపలో నిలబడి నవ్వేది.

ఒక శనివారం మాత్రం వేరే మాట మోసుకొచ్చింది. ఆ ఊరి ముసలామె ఒకామె బడి గేటు దగ్గర ఆపిందట. "కొత్త పంతులమ్మా, పోరగాండ్లను తలకాయ ముట్టి లెక్కవెడ్తున్నవట. ఒకటి ఎక్వ చెప్పు, లేకుంటె ఒకటి తక్వ చెప్పు. సరిగ్గ మాత్రం చెప్పకు తల్లీ, నీ కాళ్లు మొక్కుత," అందట. "లెక్కలు చెప్పేదాన్ని పట్టుకుని తప్పు చెప్పుమంటదే!" అని చిన్నమ్మ నవ్వింది గానీ, ఆ నవ్వు సగంలో ఆగింది. అన్నం తింటూ తింటూ, "అవ్వ గూడ గిట్లనే అనేది గద," అంది. నేను పట్టించుకోలేదు. నా మంచాలు నాకున్నాయి.

ఆ ఏడు వానలు ఆగలేదు. వాగులు పొంగాయి, బస్సులు ఆగిపోయాయి, ఊరూరా జ్వరాలు లేచాయి. మా ట్రస్టు ఆసుపత్రి పిల్లల వార్డులో అడుగు పెట్టడానికి సందు లేకుండా పోయింది. తడిసిన బట్టల వాసన, ఫినాయిల్ వాసన, గోడ పక్కన టిఫిన్ డబ్బాల్లో పులిసిన అన్నం వాసన, వీటన్నిటి మధ్య ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలు, ఒకరి కాళ్లవైపు ఒకరి తల. నేను రోజూ పొద్దున్నే కాగితం పట్టుకుని నా లెక్క రాసుకునేదాన్ని. ఇద్దరున్న మంచాన్ని ఎట్లా రాయాలో తెలియక మా గైడుకు ఫోన్ చేసి అడిగాను. "మంచం నిండితే ఒకటి. నీ ప్రాజెక్టు మంచాల మీద, మనుషుల మీద కాదు," అన్నాడు. రూలు అది, తప్పేం లేదు. అట్లాగే రాశాను.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఒక తల్లి భుజం మీద పిల్లను వేసుకుని వచ్చింది. చీర మోకాళ్లదాకా బురద. వాగు తగ్గేదాకా అవతలి గడ్డన కూర్చుని వచ్చారట. మంచాలన్నీ నిండి ఉంటే, అప్పటికే ఒక పిల్లవాడున్న మంచం మీద కాళ్లవైపు పడుకోబెట్టారు. నర్సు పేరు అడిగింది. తల్లి చెప్పేలోపల ఆ పిల్ల కళ్లు సగం తెరిచి, వేలు తలమీదికి తీసుకుపోయి, "పదిహేడు," అంది. నర్సు నా వైపు చూసింది. తల్లి సిగ్గుపడింది. "బడిల గట్లనే పిలుస్తరు మేడం," అంది. నేను ఆ పిల్లను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అయినా బాగా తెలిసిన మనిషి ఇంటికి వచ్చినట్టు అనిపించింది. చిన్నమ్మకు ఫోన్ చేశాను. మర్నాడు పొద్దున మొదటి బస్సుకే వచ్చింది. అప్పటికి పిల్లకు మాట లేదు. చిన్నమ్మ నుదుటి మీద చెయ్యి వేస్తే, ఆ చిన్న వేలు దుప్పటి మీద కొంచెం లేచి, తలదాకా పోలేక పడిపోయింది. ఆ సాయంత్రానికి ప్రాణం పోయింది.

చిన్నమ్మను ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది, తిరిగి అరవడానికి ఆమెకు గొంతు ఉంది కదా. ఆ తల్లి మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వంటె పానం మేడం దానికి. ఇంట్ల గూడ పదిహేడు పదిహేడు అనుకుంటనే తిరిగేది," అని ఏడ్చింది. గేటు దగ్గర ఆపిన ముసలామె ఆ తరవాత కనిపించినప్పుడు తల వంచుకుని పక్కనుంచి పోయిందట. తప్పు తనదేనని నమ్మడానికి చిన్నమ్మకు అది చాలు. మళ్లీ బడికి పోక తప్పదు కాబట్టి పోయింది. పిల్లలు ఆమెను చూడగానే అలవాటు కొద్దీ వరుసలో నిలబడ్డారు. చెయ్యి ఎత్తలేక ఆమె నిలబడిపోతే, వాళ్లే ఒకరి తల ఒకరు ముట్టుకుంటూ లెక్కపెట్టుకున్నారు. పదహారు దాకా వచ్చి ఒక్క క్షణం ఆగి, అందరూ ఖాళీ చోటు వైపు తిరిగి 'పదిహేడు' అని అరిచారు. ఆ అన్న అందరికంటే గట్టిగా అరిచాడట. ఈ మాట చిన్నమ్మ నాకు చెప్పినప్పుడు ఆమె గొంతు వినడానికి నేను దగ్గరికి జరగాల్సి వచ్చింది. సాంచాలు బందు పెట్టిన ఇల్లులా అయిపోయింది మనిషి.

తరవాత ఆమె నోట అంకె రావడం మానేసింది. గుడ్లు ఎన్ని తేవాలంటే 'కొన్ని తే' అనేది, బస్సు ఎన్నింటికంటే 'జర సేపటికి' అనేది. లెక్కల పంతులమ్మ కాబోయే మనిషి! మొదట్లో నేను ఎగతాళి చేశాను, తరవాత నోరు మూసుకున్నాను. ఎందుకంటే సాయంత్రాలు ఆమె ఎప్పటిలాగే గోడ ముందు నిలబడి పాఠం సాధన చేసేది. ఎదురుగా ఎవరూ లేరు. ఒక్కో అడుగు జరుగుతూ, పెదవులు కదలకుండా, గాలిలో ఒక్కో తల ముట్టుకుంటూ పోయేది. చివర, బియ్యం డబ్బా దగ్గరికి వచ్చేసరికి, చెయ్యి కొంచెం కిందికి దిగి ఆగేది. ఐదేళ్లు కూడా లేని పిల్ల తల ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తున. అక్కడే ఉండేది ఆ చెయ్యి, చాలాసేపు. నేను అంట్లు కడుగుతూ చూసేదాన్ని. బియ్యం తీసుకోవడానికి పోయినప్పుడు ఆ చోటు తొక్కకుండా పక్కనుంచి పోయేదాన్ని. ఎందుకని అడక్కండి. పగటిపూట, కిటికీలోంచి ఎండ పడుతున్నప్పుడు కూడా అట్లాగే పోయేదాన్ని.

చలికాలం వచ్చింది. ఆదిలాబాద్ చలి సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. చివరి పరీక్ష దగ్గరపడింది. బయటి నుంచి పరీక్షాధికారి వచ్చి, అదే బడిలో, అదే తరగతిలో, అందరి ముందు పాఠం చెప్పిస్తాడు. చిన్నమ్మకు వచ్చిన పాఠం, ఇరవై వరకు లెక్కించడం. ఆ పరీక్ష పోతే ట్రైనింగే పోయినట్టు. మర్నాడు నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ట్రంకుపెట్టె సర్దుతోంది. "పోత. సాంచాలు నడుపుకుంట బతుకుత. పోగు తెగితె ముడేసుకోవచ్చు," అంది.

ఆదివారం పొద్దున మేడ మీద ఎండకు కూర్చున్నప్పుడు నాకు ఇక ఓపిక పోయింది. "లెక్కవెడ్తె పోరగాండ్లు సచ్చిపోతరా చిన్నమ్మా? నేను రోజు పొద్దున వార్డంత లెక్కవెడ్తున్న. అందరు మంచిగై ఇండ్లకు పోతుండ్రు," అని గట్టిగానే అన్నాను.

"నువ్వు లెక్కవెట్టేది మంచాలను. నేను తల ముట్టిన," అంది.

ఆమె చెప్పింది నిజమే. నేను లెక్కపెట్టేది మంచాలనే. ఆ మాట లోపల తిరుగుతుంటే, ఆ పిల్ల వార్డులో ఉన్న పొద్దున నేను రాసిన కాగితం కళ్లముందుకు వచ్చింది.

"చిన్నమ్మా, నా లెక్కల గా పొల్ల లేదు," అన్నాను. "గా మంచం మీద ముందునుంచి ఇంకో పిలగాడుండె. ఇద్దరున్నా మంచానికి ఒకటే రాయాలె. రాసిన. మీ రిజిస్టర్ల లేదు, నా కాగితంల లేదు. ఎవ్వలు లెక్కవెట్టనికాడ గూడ పోయింది పిల్ల. జరమొచ్చి పోయింది, వాగు అడ్డమొచ్చి పోయింది. నీ చెయ్యి తగిలి పోలే."

కింద వీధిలో పత్తిబండ్లు పోతున్నాయి. చిన్నమ్మ ఆ బండ్లనే చూస్తూ కూర్చుంది. తరవాత నా వైపు తిరిగింది.

"అంటె, గా పొల్లను లెక్కవెట్టింది గీ లోకంల నేనొక్కదాన్నేనానే?"

"నువ్వొక్కదానివే," అన్నాను.

అప్పుడు ఏడ్చింది. ఆసుపత్రిలో ఏడవలేదు, బడిలో ఏడవలేదు. ఇప్పుడు ఆ సిరిసిల్ల గొంతు మొత్తం పెట్టి, ఇల్లు అదిరేటట్టు ఏడ్చింది. "అగ బాయి! కాయ్ ఝాలే? ఏమైంది?" అని మౌషీ చేతిలో పిండితోనే మెట్లెక్కి పరుగెత్తుకొచ్చింది. ఏమైందో చెప్పడానికి నాకు తెలుగూ రాలేదు, మరాఠీ రాలేదు. మౌషీ ఏమీ అడక్కుండా పిండి చేతులతోనే చిన్నమ్మ తల దగ్గరికి లాక్కుంది. సాయంత్రం ట్రంకుపెట్టె మళ్లీ మూలకు పోయింది. ఆ రోజు చిన్నమ్మను పట్టుకున్నదేదో ఆమెను వదిలింది గానీ, అది అంత దూరమేమీ పోలేదు. నన్ను పట్టుకుంది. ఆ మంచం, ఆ పిల్లవాడి కాళ్లపక్కన ఆ చిన్న తల, ఇప్పటికీ ఏ వార్డులోకి పోయినా నాకంటే ముందు అక్కడ ఉంటాయి.

పరీక్ష రోజు నేనూ వెంట పోయాను. పొగమంచులో బస్సు ముందు దారి కనిపించలేదు. చేలల్లో చివరి పత్తి తెల్లగా వేలాడుతోంది. పరీక్షాధికారి మంకీక్యాపు పెట్టుకుని, మఫ్లర్ చుట్టుకుని, కళ్లజోడు మాత్రం బయటపెట్టి కూర్చున్నాడు. నన్ను లోపలికి రానివ్వరు కాబట్టి వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. చిన్నమ్మ పిల్లలను వరుసలో నిలబెట్టింది. "చెప్పాలె! గట్టిగ!" అంది. ఆ గొంతు విని పరీక్షాధికారి ఉలిక్కిపడి పెన్ను కింద పడేసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. ఒక్కో తల మీద చెయ్యి పెడుతూ, ఒక్కో పిల్ల వైపు చూస్తూ పోయింది. పదహారు అయింది. చెయ్యి ఆగలేదు. ఒక అడుగు ముందుకు వేసి, కొంచెం కిందికి వంగి, గాలి మీద అరచెయ్యి పెట్టి, "పదిహేడు," అంది. పిల్లలందరూ ఆమెతోపాటు అన్నారు.

పరీక్షాధికారి రిజిస్టరు చూశాడు, పిల్లల వైపు చూశాడు. "ఏమ్మా, ఉన్నది పదహారుమందే గదా? లెక్కలు చెప్పే టీచరే తప్పు లెక్కపెడితే ఎట్లా?" అన్నాడు.

"ఉన్నది పదహారే సార్," అంది చిన్నమ్మ. "మొన్నటిదాంక పదిహేడు ఉంటిమి. ఒక పొల్ల పోయింది. పిల్లలకు ఎరుకే. చెప్తరు చూడుండ్రి." ఆమె పిల్లల వైపు తిరిగింది. "మనం పదిహేడుమందిమి ఉంటిమి గద. ఒకరు మనల్ని ఇడిసిపెట్టి పోయిండ్రు. గిప్పుడు ఎంతమందిమి ఉన్నం?"

బడి వెనక ఎక్కడో మేక అరుస్తోంది. వరుసలోంచి ఆ అన్న బయటికి వచ్చాడు. నడుచుకుంటూ వచ్చి, ఆ ఖాళీ చోటుకు కొంచెం ఇవతల నిలబడి, దాని వైపు చూసి, "పదహారు మేడం," అన్నాడు. ఆ తరవాత వెనక్కి పోలేదు. అక్కడే నిలబడ్డాడు. చిన్నమ్మ వాడి తల మీద చెయ్యి పెట్టి, "కరెక్ట్," అంది.

పరీక్షాధికారి కళ్లజోడు తీసి మఫ్లర్‌తో తుడుచుకున్నాడు. మనిషి మనసు కరిగి మంచి మార్కులు వేశాడనుకుంటున్నారేమో, అదేం లేదు. పాఠం లెక్కింపు మీద ఇస్తే తీసివేత కూడా చెప్పిందని మార్కులు కోసేశాడు. చిన్నమ్మ అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. "తీసివేత చెప్పినందుకు నా మార్కులే తీసేసిండు, మంచి లెక్కలాయన," అని బస్సులో నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నా భుజం మీద తల పెట్టుకుని ఊరు వచ్చేదాకా కళ్లు తెరవలేదు.

ఇప్పుడు చిన్నమ్మ పెద్దపల్లి దగ్గర ఒక బడిలో పంతులమ్మ. ఇవాళ్టికీ తల ముట్టే లెక్కపెడుతుంది. అన్నల వెంట, అక్కల వెంట ఊరికే వచ్చి గోడవార కూర్చునే చిన్నపిల్లలుంటారు కదా, వాళ్లను కూడా వరుసలో నిలబెడుతుందట. తోటి పంతుళ్లు నవ్వుతారు. ఆమెకు భయం పోయిందని నేననను. ఏటా వానాకాలం రాగానే నాకు ఫోన్ చేసి, వార్డు ఎట్లా ఉందని అడుగుతుంది. నేను చెప్తాను. ఇద్దరం ఆ పిల్ల మాట ఎత్తం. ఎత్తకపోయినా ఫోన్ పెట్టేసే ముందు ఇద్దరికీ ఒకేసారి మాట ఆగిపోతుంది. చిన్నమ్మకు తల నెరిసింది, నాకు మోకాళ్లు పట్టేశాయి, ఆ అన్నకు ఈపాటికి పెళ్లయి పిల్లలు కూడా పుట్టి ఉంటారు. ఇన్నేళ్లుగా మా అందరికీ వయసు పెరుగుతూనే ఉంది, ఆ పిల్లకు మాత్రం బడిలో చేరే వయసు ఇంకా రాలేదు.